నక్షత్రాల వెలుగును తూచేదెలా?

ఇస్ఫహాన్‌కు చెందిన ఖగోళవేత్త అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ క్రీ.శ. 964 ప్రాంతంలో స్థిర నక్షత్రాల గ్రంథాన్ని రచించారు. అంతకు ఎనిమిది వందల ఏళ్ల క్రితం టాలెమీ కూర్చిన పట్టికే దానికి ఆధారం. నక్షత్రాల స్థానాలను సూఫీ లెక్క ప్రకారం జరిపి తీసుకున్నారు గానీ, వెలుగు విషయంలో పాత అంకెలతో తృప్తి పడలేదు. ఒక్కొక్క నక్షత్రాన్నీ స్వయంగా చూసి ప్రకాశాన్ని నిర్ణయించారు. అన్నిటికంటే బాగా వెలిగేవి మొదటి తరగతి, కంటికి ఆనీ ఆననివి ఆరవ తరగతి. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టన్న ఆ పద్ధతి నేటికీ ఉంది.

సూఫీకి ఒక సౌలభ్యం ఉంది. పట్టిక మొత్తాన్నీ చూసిన కన్ను ఒక్కటే. పని పలువురి చేతుల్లో పడితే చిక్కు వస్తుంది. 1887లో పారిస్‌లో తలపెట్టిన ఆకాశ ఛాయాచిత్రాల పథకంలో సుమారు 20 వేధశాలలు పాల్గొన్నాయి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో నెలకొల్పగా తరువాత నిజామియాగా పేరొందిన వేధశాల వాటిలో ఒకటి. లక్షలాది నక్షత్రాల స్థానాలను ఈ వేధశాలలు శ్రద్ధగా కొలిచాయి. ప్రకాశం దగ్గర మాత్రం ఎవరి కొలమానం వారిదే అయింది.

మరి టెలిస్కోపు ఒక్కటే అయితే? అప్పుడూ చిక్కు తీరదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో స్లోన్ సర్వే కెమెరా 1998 నుంచి 2009 వరకు 2.5 మీటర్ల టెలిస్కోపుతో ఆకాశంలో మూడో వంతును ఐదు రంగుల్లో చిత్రించింది. టెలిస్కోపు అదే, కెమెరా అదే. రాత్రులు మాత్రం వేరు. గాలిలో తేమ, దుమ్ము మారుతుంటాయి. అద్దం మసకబారుతుంది. నిన్నటి చుక్క నేడు మరికాస్త మందంగా కనిపిస్తే, తగ్గింది చుక్క వెలుగా, గాలి తేటదనమా?

సంతలో పది తరాజులున్నాయనుకోండి. ఏదీ సరైనదని చెప్పలేం. ఒకే బెల్లం దిమ్మను రెండింటిలో తూస్తే ఆ రెంటి తేడా బయటపడుతుంది. మరో దిమ్మతో రెండోదాన్నీ మూడోదాన్నీ పోల్చవచ్చు. ఇలా గొలుసు కడితే పదీ ఒక దారికి వస్తాయి. స్లోన్ కొలతలకు నిఖిల్ పద్మనాభన్, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన పద్ధతి సారాంశం ఇదే. రెండు రాత్రుల్లోనూ కెమెరాకు చిక్కిన నక్షత్రాలే బెల్లం దిమ్మలు. ఏ రాత్రి గాలి ఎంత వెలుగు మింగిందో, కెమెరాలో ఏ భాగం ఎంత మందమో, ఇవన్నీ తెలియని అంకెలు. మిగిలే తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా ఆ అంకెలన్నిటినీ కంప్యూటరు ఒక్కసారే సాధిస్తుంది. తోకచుక్కల కక్ష్యల కోసం లెజాండ్ర్ 1805లో ప్రకటించిన కనిష్ఠ వర్గాల పద్ధతే ఇది.

ఒక ఇబ్బంది ఉంది. కెమెరా ఆకాశాన్ని పొడవాటి పట్టీలుగా చిత్రించింది. పడుగు దారాల్లా పక్కపక్కనే సాగే ఆ పట్టీలు అంచుల వద్దే కలుస్తాయి. చిన్న పొరపాటు పట్టీ నుంచి పట్టీకి పేరుకుపోవచ్చు. అందుకని టెలిస్కోపును అడ్డంగా కూడా నడిపి పేక వేశారు. నేత గట్టిపడింది. నాలుగు రంగుల్లో పొరపాటు 1 శాతానికి, అతినీలలోహితంలో 2 శాతానికి దిగింది.

శాతం, రెండు శాతాలకు ఇంత యాతన ఎందుకంటారా? ఒక పట్టీ 5 శాతం మసకగా కొలవబడితే, అక్కడి మందమైన గెలాక్సీలు లెక్కలోకే రావు. విశ్వపటంలో లేని ఖాళీ ఒకటి పుడుతుంది. దానికి కారణాలు వెదికే సిద్ధాంతాలు వెంటనే బయలుదేరుతాయి.

ఈ లెక్క చెప్పలేనిది ఒకటుంది. తరాజులన్నీ సమానమైనా, అన్నీ కలిసి తక్కువ తూస్తున్నాయేమో వాటిలో వాటికి తెలియదు. దానికి బయటి తూకం రాయి కావాలి. స్లోన్ సర్వే కొలమానానికి అలా మూలంగా నిలిచిన నక్షత్రం బీడీ ప్లస్ 17 4708. దాని వెలుగు 1986, 1991 మధ్య సుమారు 4 శాతం పెరిగిందని 2015లో ఖగోళవేత్తలు ప్రకటించారు.