ఒకే రూపు, రెండు జాతకాలు

మా చిలమకూరు ప్రాంతంలో సున్నపురాతి గని అంచున నిలబడి చూస్తే రాతిపొరలు వరుసగా కనుపిస్తాయి. అడుగుది పాతది, పైది కొత్తది. గెలాక్సీలకు ఆ సదుపాయం లేదు. ముసలి నక్షత్రాలూ, పడుచు నక్షత్రాలూ అక్కడ కలగలిసి ఉంటాయి. మరి వాటి వయస్సు తెలిసేదెలా?

రంగునూ, కాంతినీ బట్టి. బరువైన నీలి నక్షత్రాలు కొద్ది కోట్ల ఏండ్లలోనే ఆరిపోతాయి. చిన్న ఎర్రనివి వేలకోట్ల ఏండ్లు వెలుగుతాయి. నీలివి బొత్తిగా లేవంటే అక్కడ పురుళ్ళు ఆగి చాలా కాలమైందన్నమాట.

దేవయాని గెలాక్సీ పరివారంలో ఎన్.జి.సి. 147, ఎన్.జి.సి. 185 అని రెండు మరుగుజ్జులున్నాయి. రెండూ కోడిగ్రుడ్డు ఆకారమే; 20 లక్షల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరం. విచిత్రమేమంటే, దేవయాని పరివారమైన ఈ రెండూ మన కంటికి శర్మిష్ఠ మండలంలో కనుపిస్తాయి! భారతం చదివినవారికి నవ్వు రాకమానదు.

వీటిలోని నక్షత్రాలను 1944లో వాల్టర్ బాడే అనే శాస్త్రజ్ఞుడు విడివిడిగా గుర్తించాడు. చూపుకు కవలలే. కాని హబుల్ దూరదర్శినితో చేసిన పరిశీలన 2015లో వెలువడేసరికి కథ మారింది. 185లో నూటికి 70 వంతుల నక్షత్రాలు 1,250 కోట్ల ఏండ్లకు ముందే పుట్టాయట. 147లో అంత పాతవి 40 వంతులే. తక్కినవాటిలో చాలావరకు 500–700 కోట్ల ఏండ్ల నాటివి. మన సూర్యుడి వయస్సు 460 కోట్లే సుమా!

దేవయాని పరివారంలోకి ఇవి చేరిన కాలాలు వేరు కావడమే కారణమని శాస్త్రజ్ఞుల ఊహ. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు మాత్రం ఇంతే తోస్తుంది: పోలిక చూచి బ్రతుకు చెప్పరాదు.