కంప్యూటరు పటములో వస్తువుల ఎంపిక

భద్రాచలమువద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని జారీచేయుదురు. 1986 ఆగస్టులో ఈ మట్టము 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగెను. ఇట్టి వేళ ఏ యిండ్లవారిని ముందుగా మెట్టప్రాంతమునకు చేర్చవలెను? పట్టణపు పటము కంప్యూటరులో ఉన్నచో ఆ యిండ్లను వేరుచేసి చూపుట క్షణములలో పని. కాని వేరుచేయు పద్ధతి తెలియనివాని చేతిలో ఆ పటమే కొన్ని యిండ్లను విడిచివేయగలదు.

గీత ఒక వస్తువు

కాగితముపై గీత సిరా చార మాత్రమే. డ్రాయింగు ప్రోగ్రాములో ప్రతి గీతయు ఒక వస్తువు. దాని రెండు కొనల స్థానములు, రంగు, అది చేరిన పొర, అనగా లేయరు, పట్టికలో వ్రాయబడి యుండును. దానిని జరుపుటకైనను చెరుపుటకైనను ముందు "ఏది?" అను ప్రశ్నకు సమాధానము కావలెను. ఆ సమాధానమే ఎంపిక.

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఐవన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును రూపొందించెను. అందు తెరకు ఆనించు కలము కొనలో కాంతిని గ్రహించు సాధనము ఉండెడిది. తెరపై గీతలు చుక్కచుక్కగా వెలుగుచుండును. కలము ఒక చుక్కను చూచిన క్షణమున తాను ఏ గీతను వెలిగించుచున్నదో యంత్రమునకు తెలియును. ఆ గీతయే ఎన్నుకొనబడినది. 1982లో వెలువడిన ఆటోకాడ్ వంటి ప్రోగ్రాములలో ఈ పని లెక్కమూలమున జరుగును. మౌస్ గుర్తుచుట్టు ఒక చిన్న చతురస్రము ఉండును. ఏ గీత దానిగుండా పోవుచున్నదో ప్రోగ్రాము గణించును.

రెండు విధముల చట్రము

అనేక వస్తువులను ఒక్కమారుగా ఎన్నుకొనుటకు దీర్ఘచతురస్రాకారపు చట్రమును పరచుదురు. ఆటోకాడ్‌లో ఎడమనుండి కుడికి పరచినచో అది విండో. పూర్తిగా లోపలనున్న వస్తువులే చిక్కును. కుడినుండి ఎడమకు పరచినచో అది క్రాసింగ్. లోపలనున్నవే కాక అంచును తాకినవియు చిక్కును.

విద్యార్థులు దీనిని గ్రాఫు కాగితముపై పరీక్షింపవచ్చును. (2,2), (8,6) బిందువులు ఎదురుమూలలుగా ఒక చట్రమును గీయుడు. పిదప ఈ నాలుగు గీతలను గీయుడు.

అ: (3,3) నుండి (6,5). ఇది రెండు విధములను చిక్కును.
ఆ: (7,4) నుండి (10,4). ఇది క్రాసింగ్‌కు మాత్రమే చిక్కును.
ఇ: (1,3) నుండి (9,5). కొనలు రెండును వెలుపలనున్నను నడుమభాగము చట్రములోనుండి పోవును. కనుక ఇదియు క్రాసింగ్‌కు చిక్కును. కొనలను మాత్రమే చూచినచో దీనిని పోగొట్టుకొందుము.
ఈ: (0,5) నుండి (3,8). దీనిని ఇముడ్చు దీర్ఘచతురస్రము చట్రముపై కొంత పడును గాని, గీత చట్రమును తాకదు, దేనికిని చిక్కదు.

వంకర గట్టు

వరద అంచు దీర్ఘచతురస్రము కాదు. అందుచే వంకరగా సాగు బహుభుజిని గీసి, దానితో ఎన్నుకొను వీలును కల్పించిరి. ఒక బిందువు బహుభుజి లోపలనున్నదా యని తెలిసికొనుటకు, ఆ బిందువునుండి ఒకే దిక్కుగా సరళరేఖను సాగదీయుడు. అది బహుభుజి అంచును బేసిమార్లు దాటినచో బిందువు లోపలిది, సరిమార్లైనచో వెలుపలిది. మూలబిందువుగుండా పోనట్టి దిక్కును తీసికొనుడు.

ఇప్పుడు వరద అంచు ఒక యింటి నడుమనుండి పోయినదనుకొనుడు. మునుగు భాగమును విండోగా ఎన్నుకొన్నచో ఆ యిల్లు జాబితాలోనికి రాదు; క్రాసింగ్‌గా ఎన్నుకొన్నచో వచ్చును. సగము గదులలో నీరున్న యింటిని క్షేమమని విడువరాదు గదా! కనుక తరలింపవలసినవారిని లెక్కించుటకు మునుగు భాగముపై క్రాసింగ్, పూర్తిగా క్షేమమైన యిండ్లను లెక్కించుటకు మెట్టభాగముపై విండో తగినవి. రెండు లెక్కల మొత్తము పటములోని యిండ్ల సంఖ్యకు సరిపోయినదో లేదో చూచుకొనవలెను.

గుణమునుబట్టి ఎంపిక

ఫలానా పొరలోనివి, ఫలానా ఎత్తుకు లోబడినవి అని గుణమునుబట్టియు ఎన్నుకొనవచ్చును. ఇందొక మెలకువ కలదు. భద్రాచలపు 53 అడుగులు నదివద్ద నాటిన కొలబద్దపై అంకె. అది సముద్రమట్టమునకు 48.77 మీటర్ల ఎత్తు. పటములోని ఎత్తులు సముద్రమట్టమునుండి కొలిచినవై యుండగా, 53 అడుగులను మీటర్లలోనికి మార్చి 16.15 అని అడిగినచో ఒక్క యిల్లును చిక్కదు. తెరపై "ఏదియు లేదు" అని వచ్చును. ముప్పు లేదని భ్రమ కలుగును. అట్లే, ఎత్తును మాత్రమే అడిగినచో కరకట్ట ఏ యిండ్లకు అడ్డుగా నున్నదో యంత్రమునకు తెలియదు.

యంత్రము అడిగినదానికే సమాధానము చెప్పును. ఏమి అడుగవలెనో నిర్ణయించు బాధ్యత మనుష్యునిదే.