ఒక దెబ్బ తప్పినా ఇంకో దెబ్బ తప్పదు

మెడ పక్కన గడ్డ లేచింది. బయాప్సీలో డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అని తేలింది. రెండు కీమోలయ్యేసరికి గడ్డ చేతికి తగలడం లేదు. అప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే మాట ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే: ‘‘గడ్డ పోయింది కదా డాక్టరుగారూ, ఇంకా నాలుగెందుకు? అదీ ఒక్కోసారికి ఇన్ని మందులా?’’

సెప్టెంబర్ 15 ప్రపంచ లింఫోమా అవగాహన దినం. దానికి ముందొచ్చే ఆదివారానికి కథనం కావాలన్నారు ఎడిటర్‌గారు. లక్షణాలు, జాగ్రత్తలు రాసి ముగించవచ్చు. కానీ ఆ ఇంట్లోవాళ్ల ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వకుండా ఎన్ని జాగ్రత్తలు చెప్పినా వాళ్ల భయం తీరదు. జవాబు వెతుకుతుంటే 2019లో ‘ఈలైఫ్’ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రం దొరికింది. గడువులో ఎక్కువ భాగం దానితోనే గడిచింది.

ముందు మందుల సంగతి. ఈ లింఫోమాకు ఎక్కువగా ఇచ్చే కలయిక పేరు ఆర్-చాప్. ఇందులో ఐదు మందులుంటాయి. సైక్లోఫాస్ఫమైడ్ కాలేయంలో మార్పు చెంది, కణంలోని డీఎన్‌ఏ రెండు పోగులనూ ఒకదానికొకటి ముడివేస్తుంది. ఎర్రగా ఉండే డాక్సోరూబిసిన్ డీఎన్‌ఏ మెలికల్లో దూరి, వాటిని విప్పి మళ్లీ అతికించే ఎంజైమును మధ్యలోనే బిగించేస్తుంది, పోగులు తెగిపోతాయి. విన్‌క్రిస్టిన్ డీఎన్‌ఏ జోలికే పోదు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నటి తంతువులను అల్లుకోనివ్వదు. ప్రెడ్నిసోలోన్ బిళ్లలు లింఫ్ కణానికి తనంతట తానే చనిపొమ్మని సంకేతమిస్తాయి. రిటుక్సిమాబ్ బి-కణాల పైపొర మీదున్న సీడీ20 అనే ప్రొటీన్‌ను పట్టుకుని రోగనిరోధక వ్యవస్థను వాటి మీదికి పిలుస్తుంది. బి-కణాలను పుట్టించే మూలకణాల మీద ఆ ప్రొటీన్ ఉండదు కాబట్టి చికిత్స తర్వాత మంచి కణాలు మళ్లీ పుడతాయి.

ఇక ఆ పత్రం. హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో ఆడమ్ పామర్, క్రిస్టఫర్ చిడ్లీ, పీటర్ సోర్గర్ సూటైన ప్రశ్న వేసుకున్నారు. ఈ మందులు ఒకదాని బలం ఒకటి పెంచుతున్నాయా, లేక దేని పని అది చేసుకుపోతోందా? చాలామంది నమ్మేది మొదటిదే. ప్రయోగశాలలో పెంచిన లింఫోమా కణాల మీద మందులను రకరకాల మోతాదుల్లో కలిపి చూశారు. విడివిడిగా వాటి శక్తిని బట్టి ఎంత చంపగలవని లెక్క వచ్చిందో, కలిపినప్పుడూ దాదాపు అంతే. అదనంగా పుట్టుకొచ్చిన బలమేమీ లేదు.

మరి జబ్బు ఎందుకు నయమవుతోంది? నన్ను కట్టిపడేసిన ప్రయోగం ఇక్కడే ఉంది. లెక్కలేనన్ని కణాల డీఎన్‌ఏలో దేనికది వేరుగా ఒక గుర్తు పెట్టారు. శాస్త్రవేత్తలు దాన్ని బార్‌కోడ్ అంటారు. వాటి సంతతిని భాగాలుగా పంచి, ఒక్కో భాగానికి ఒక్కో మందు ఇచ్చారు. బతికి బట్టకట్టినవాటి గుర్తులు చదివారు. ఒక మందును తట్టుకున్న వంశాలు చాలావరకు ఇంకో మందు ముందు నిలవలేకపోయాయి. క్రిస్పర్ అనే జన్యు పద్ధతిలో జన్యువులను అణచి, పెంచి చూసినా అదే ఫలితం: ఒకేసారి పలు మందుల నుంచి కణాన్ని కాపాడే మార్పులు చాలా అరుదు.

దీని విలువ చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక మందును తట్టుకునే కణం పది లక్షల్లో ఒకటి ఉందనుకుందాం. సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. అందులో అలాంటివి వెయ్యి. జబ్బు తిరగబెట్టడానికి అవి చాలు. రెండో మందును తట్టుకోవడానికి పూర్తిగా వేరే మార్పు కావాలంటే, ఆ రెండూ ఉన్న కణం లక్ష కోట్లలో ఒకటి. ఒకే తాళంచెవితో తెరుచుకునే ఐదు తాళాలు ఇంటికి వేసినా అవి ఒక్క తాళంతో సమానం. ఆర్-చాప్ తాళాలకు దేని చెవి దానిదే.

అలాగని ఇది గాజుపాత్రలో తేలిన విషయమన్నది మరవకూడదు. మనిషి ఒంట్లో రోగనిరోధక కణాలుంటాయి, మందు సరిగా చేరని మూలలుంటాయి. ఆర్-చాప్‌తో పదిమందిలో సుమారు ఆరుగురికి నయమవుతుంది. మిగతావాళ్లకు ఇంకో దారి వెతకాల్సిందే.

గడ్డ పోయాక ఇంకా ఎందుకన్నదానికి జవాబు ఇంకా పాతది. అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో హోవర్డ్ స్కిపర్ 1960లలో లుకేమియా ఎలుకల మీద చూపించాడు: కీమో ప్రతిసారీ ఇన్ని కణాలని కాదు, ఇంత శాతమని చంపుతుంది. ఆ శాతం 99 అనుకుందాం. 100 కోట్లు మొదటి విడతకు కోటి అవుతాయి. రెండో విడతకు లక్ష. ఆ లక్ష చేతికి తగలవు, స్కాన్‌లోనూ కనబడవు. మధ్యలో 21 రోజుల విరామంలో ఎముక మజ్జ కోలుకుంటుంది, ఆ లక్షలో కొన్ని మళ్లీ పెరుగుతాయి. అందుకే ఆరు. తొలి దశలో, ముప్పు తక్కువగా ఉన్న 60 ఏళ్లలోపు వారికి కీమో నాలుగు విడతలు చాలని 2019లో ఫ్లైయర్ ట్రయల్ చూపింది. అది డాక్టరు అన్నీ లెక్కవేసి తగ్గించేది. గడ్డ కనబడటం లేదని మనం మానేసేది కాదు.

ఒంటికి తగిలే దెబ్బలు కూడా ఒకేచోట పడకుండా ఏర్చినవే. సైక్లోఫాస్ఫమైడ్ మజ్జనూ మూత్రాశయాన్నీ బాధిస్తుంది. డాక్సోరూబిసిన్‌తో భయం గుండెకు. జీవితకాలపు మోతాదుకు హద్దుంది. విన్‌క్రిస్టిన్ మజ్జను పెద్దగా ముట్టదు గానీ వేళ్లు తిమ్మిరెక్కిస్తుంది, మలబద్ధకం తెస్తుంది. ప్రెడ్నిసోలోన్ షుగరు పెంచి నిద్ర చెడగొడుతుంది.

చరిత్ర క్లుప్తంగా: 1942లో యేల్‌లో నైట్రోజన్ మస్టర్డ్‌తో ఒక రోగి గడ్డలు కరిగి, కొన్ని వారాల్లోనే తిరిగొచ్చాయి. 1960లలో బెథెస్డాలో విన్సెంట్ డెవీటా బృందం హాడ్జ్‌కిన్ జబ్బు అనే మరో రకం లింఫోమాకు నాలుగు మందులు కలిపింది. 1970లో ప్రచురించిన లెక్కలో 43 మందిలో 35 మందికి జబ్బు పూర్తిగా కనబడకుండా పోయింది. తర్వాత మిలాన్‌లో బొనడొన్నా అదే జబ్బుకు ఏబీవీడీ అనే మరో కలయిక తెచ్చాడు. 2002లో వెలువడిన ఫ్రెంచ్ ట్రయల్‌లో, ఆర్-చాప్‌లోని మిగతా నాలుగు మందుల కలయికైన చాప్‌కు రిటుక్సిమాబ్‌ను జోడిస్తే, 60–80 ఏళ్లవారిలో రెండేళ్లకు బతికున్నవాళ్లు 57 నుంచి 70 శాతానికి పెరిగారు.

మందులు ఎన్ని పెంచితే అంత మంచిదన్న మాట మీద మాత్రం నాకు నమ్మకం లేదు. 1993లో ప్రచురించిన అమెరికా ట్రయల్‌లో 899 మంది మీద చాప్‌ను అంతకంటే ఎక్కువ మందులున్న మూడు కలయికలతో పోల్చారు. మూడేళ్లకు బతికున్నవాళ్లు అన్నిట్లోనూ సుమారు సగమే. విషప్రభావం మాత్రం చాప్‌లో తక్కువ. ఈమధ్య విన్‌క్రిస్టిన్ స్థానంలో పోలాటుజుమాబ్ అనే మందు పెట్టిన పోలారిక్స్ ట్రయల్‌లో రెండేళ్లకు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు 70.2 నుంచి 76.7 శాతానికి పెరిగారు. అప్పటికి ఆయుర్దాయంలో తేడా కనిపించలేదు. ఖరీదు సంగతి అడిగి తెలుసుకోవాల్సిందే.

పెరట్లో బిళ్ళగన్నేరు

విన్‌క్రిస్టిన్ మన బిళ్ళగన్నేరులోదే. కెనడాలో నోబుల్, బీర్ 1950లలో జమైకా నుంచి వచ్చిన ఆకులను షుగరు మందు కోసం పరీక్షిస్తే ఎలుకల్లో తెల్లకణాలు పడిపోయాయి. ఆ దారిలో విన్‌బ్లాస్టిన్, తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చాయి. రాశులకొద్దీ ఆకులో మందు ఉండేది అతి స్వల్పం. శుద్ధి చేసి, కొలిచి ఇస్తేనే మందు. ఆకు రసం తాగితే విషం.

భీమవరం, హైదరాబాద్

మెదడు లింఫోమాకు ఇప్పటికీ ముఖ్యమైన మెథోట్రెక్సేట్ వెనుక, లెడర్లీ ప్రయోగశాలలో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషి ఉంది. రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను, అంటే దాదాపు అలాంటిదే అయిన మందును, 2007లో హైదరాబాద్ సంస్థ డాక్టర్ రెడ్డీస్ ‘రెడిటక్స్’ పేరుతో తెచ్చింది.

ఇంట్లోవాళ్లకు

రిటుక్సిమాబ్ మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష చేశారో లేదో అడగండి; దాగున్న వైరస్ లేచే ప్రమాదముంది. కీమో అయిన వారం పది రోజులకు తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీలు దాటి జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడొద్దు. అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లి, కీమో నడుస్తోందని ముందే చెప్పండి.