ఐ7 అన్నారు సరే, ఎన్నో జనరేషన్?

దుత్తలూరు సెంటర్లోనో, ఉదయగిరి బస్టాండు దగ్గరో ఒక ఫోటో స్టూడియోకి కంప్యూటర్ కావాలంటే దారులు మూడు. నెల్లూరు టౌనుకెళ్లి కొత్తది కొనుక్కోవడం ఒకటి. రైలెక్కి మద్రాసు వెళ్లి, మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో బేరమాడటం ఇంకొకటి. హైదరాబాదులో అయినవాళ్లెవరైనా ఉంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పించుకోవడం మూడోది. చివరి రెండు చోట్లా దొరికే పాత సరుకు ఇంచుమించు ఒకటే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు, కాల్‌సెంటర్లు కొన్నేళ్లు వాడి లాట్ల లెక్కన వదిలించుకున్న డెల్ ఆప్టిప్లెక్స్‌లు, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్‌లు, లెనోవో థింక్‌సెంటర్లు.

ఈ బేరాల్లో కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న, ‘ఐ5 ఆ, ఐ7 ఆ?’ అని. అమ్మేవాడికి కావాల్సిందీ అదే. ఎందుకంటే ఆ అంకె ఒక్కటీ చూస్తే ప్రాసెసర్ గురించి తెలిసేది చాలా తక్కువ. అసలు సంగతి దాని పక్కన గీత తర్వాత వచ్చే అంకెల్లో ఉంటుంది. ఐ7-2600 అంటే రెండో జనరేషన్, 2011 నాటిది. ఐ5-6500 అంటే ఆరోది, 2015. ఐ3-8100 అంటే ఎనిమిదోది, 2017. ఐ3-12100 అంటే పన్నెండోది, 2022లో వచ్చింది. గీత తర్వాత మూడంకెలే ఉంటే అది మొదటి జనరేషన్. దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇప్పుడు ఐ7-2600ని, ఐ3-8100ని పక్కపక్కన పెడదాం. పేరును బట్టి చూస్తే ఐ7 పెద్దది, ఐ3 చిన్నది. రెండింటికీ నాలుగేసి కోర్లు. ఐ7లో ఒక్కో కోర్ రెండు పనులు అందుకుంటుంది కాబట్టి విండోస్‌కు ఎనిమిదిగా కనిపిస్తుంది. అయినా ఒక్కో కోర్ వేగంలో ఐ3దే పైచేయి, మొత్తం పనిలోనూ కాస్త ముందే ఉంటుంది. ఇంటెల్ చెప్పిన లెక్క ప్రకారం ఐ7ది 95 వాట్లు, ఐ3ది 65. తెలిసినవాళ్లు పక్కన లేకుండా కొనేవాళ్లలో చాలామంది ఐ7కే ఎక్కువ డబ్బు పెడతారు.

ఐ7 పేరులాగే కొనేవాళ్లను ఊరించే ఇంకో సరుకు, ఇంటెల్ జియాన్. ఇది సర్వర్ ప్రాసెసర్. 2012 మార్చిలో వచ్చిన జియాన్ ఈ5-2670కి ఎనిమిది కోర్లు, అప్పటి ధర 1,552 డాలర్లు. పెద్ద డేటా సెంటర్లు నాలుగైదేళ్లకోసారి సర్వర్లు మార్చేస్తాయి కాబట్టి 2016 ప్రాంతానికల్లా ఇవి కుప్పలుగా బయటికొచ్చి, వంద డాలర్ల లోపుకే అమ్ముడయ్యాయి. తర్వాత ఈ5-2680 వీ4 వంతు వచ్చింది. 2016 నాటి 14 కోర్ల చిప్ అది, ధర 1,745 డాలర్లు. దానికీ అదే గతి పట్టింది. చిప్‌లు చవగ్గా దొరికినా వాటికి సరిపోయే బోర్డులు దొరికేవి కావు. ఆ లోటును చైనా తయారీదార్లు పూడ్చారు. పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్‌సెట్లు అతికించి ఎక్స్79, ఎక్స్99 పేర్లతో కొత్త మదర్‌బోర్డులు వదిలారు. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్ కూడా అప్పట్లో కారుచౌకగా దొరికేది. ఆఫీసు కంప్యూటర్లలో అది పనిచేయదు కాబట్టి అడిగేవాడుండేవాడు కాదు, అందుకే ఆ ధర.

పద్నాలుగు కోర్లు, 64 జీబీ ర్యామ్ అని ఎవరైనా ఊరిస్తే స్టూడియో కుర్రాడి మనసు లాగక మానదు. కానీ అన్ని కోర్లకూ పని ఉండాలి కదా! మడిలో నాట్లకు ఇరవై మంది దిగితే మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ట్రాక్టరు తోలడానికి ఇరవై మంది చేసేదేముంది?

పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ షాపు సంగతే చూడండి. పేజ్‌మేకర్ 7, దాని మీద అను ఫాంట్లు. తెలుగు డీటీపీ ఇప్పటికీ చాలా ఊళ్లలో ఈ జోడీ మీదే నడుస్తోంది. పేజ్‌మేకర్ 7 విడుదలైంది 2001లో. మామూలు డెస్క్‌టాప్‌లకు రెండు కోర్ల ప్రాసెసర్ వచ్చిందే 2005లో. ఆ సాఫ్ట్‌వేర్ ముందు పద్నాలుగు కోర్లు పెడితే ఒకటి పనిచేస్తుంది, మిగతా పదమూడూ చూస్తూ కూర్చుంటాయి. పనిచేసే ఆ ఒక్కటి కూడా ఐ3-12100 కోర్‌తో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ వేగం మాత్రమే ఇస్తుంది. అంతదాకా ఎందుకు, డీటీపీకి ఐ5-2400 ఉన్న పాత పెట్టెలో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలు. ఆన్ చేసి టీ తాగొచ్చేదాకా ఆగాల్సిన అవసరం తీరిపోతుంది. పాత కంప్యూటర్ మీద పెట్టే మొదటి రూపాయి ప్రాసెసర్‌కు కాక ఎస్‌ఎస్‌డీకే వెళ్లాలి.

వీడియో పని వేరే. మాఘమాసం ముహూర్తాల్లో ఒక్కో స్టూడియోలో నాలుగైదు పెళ్లిళ్ల వీడియో పోగుపడుతుంది. ఎడియస్‌లో ఎడిటింగ్ అయ్యాక రెండర్ పెట్టి ఇంటికి పోవడం అలవాటు. ఇక్కడైనా జియాన్ గెలవాలి. గమ్మత్తేమిటంటే, 2011 నుంచి ఇంటెల్ తన మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్‌తో పాటు క్విక్ సింక్ అనే భాగాన్నీ పెడుతోంది. దాని పని వీడియోను కుదించడం, విప్పడం అంతే. ఎడియస్ దాన్ని బాగా వాడుకుంటుంది. ఈ5 జియాన్లలో గ్రాఫిక్సే లేదు, కాబట్టి క్విక్ సింక్ కూడా లేదు. హెచ్.264 ఫైలు బయటికి తీసేటప్పుడు కోర్లు సగం కూడా లేని ఐ5, ఆ పెద్ద చిప్‌ను వెనక్కి నెట్టగలదు. కొత్త ఫోన్లు, కెమెరాలు తీసే హెచ్.265 వీడియో ఉంటే ఆరో జనరేషన్‌కు తగ్గకూడదు. అందులోనూ 10 బిట్ అయితే ఏడోది, ఆపైన. పైగా జియాన్‌కు తెర మీద బొమ్మ రావాలంటేనే విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. చవక బేరం చెప్పేటప్పుడు ఆ ఖర్చు ఎవరూ కలపరు.

కరెంటు బిల్లు కూడా కలపరు. ఈ5-2670ది 115 వాట్లు. 2017 అక్టోబరులో వచ్చిన ఐ5-8400కి ఆరు కోర్లే, 65 వాట్లే. అన్ని కోర్లూ కలిపి చేసే పనిలో రెండూ దాదాపు సమానం. విడిగా ఒక్క కోర్ తీసుకుంటే ఐ5 ఒకటిన్నర రెట్లు. గ్రాఫిక్స్ కార్డు, పెద్ద బోర్డు కలుపుకొని జియాన్ పెట్టె సగటున 60 వాట్లు ఎక్కువ తాగుతుందనుకుందాం. రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులు షాపు తెరిస్తే 180 యూనిట్లు. కమర్షియల్ మీటరు కాబట్టి యూనిట్ తొమ్మిది రూపాయల చొప్పున వేసుకున్నా 1,620 రూపాయలు, ఏటా. ఆ వేడి రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద ఎక్కడికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

మీసేవ, ఆధార్ చెల్లింపులు, బ్యాంకు పనులు చేసే ఇంటర్నెట్ సెంటర్లకు ఇంకో లెక్క ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అర్హత. ఏడోదాంట్లో ఒకటీ అరా తప్ప లేవు. ఏదో ఒక కిటుకుతో పాతవాటిలోనూ ఎక్కించేవాళ్లున్నారు గానీ, ఊరివాళ్ల వేలిముద్రలు తీసుకునే పెట్టె మీద అలాంటి ప్రయోగాలు వద్దు. ఐ5-7500, ఐ5-8400 ఉన్న పెట్టెలు బయటికి ఒకేలా ఉంటాయి. వెయ్యి, పదిహేను వందల తేడా చూసి ఏడోది తెచ్చుకునేవాళ్లు ముందు ఈ హద్దు ఎక్కడుందో తెలుసుకోవాలి. కంపెనీ పెట్టెల్లో మోడల్ నంబరే ఆ గుట్టు చెబుతుంది. ఆప్టిప్లెక్స్ 7010 మూడో జనరేషన్, 9020 నాలుగు, 7060 ఎనిమిది. ఈమధ్య డెల్ మళ్లీ 7010 అనే పేరే కొత్త మోడల్‌కు పెట్టింది కనుక అక్కడ మాత్రం సిస్టమ్ సమాచారంలో ప్రాసెసర్ పేరు కూడా చూసుకోవాలి.

అలాగని జియాన్ ఎవరికీ పనికిరాదని కాదు. ఒకే పెట్టెలో నాలుగైదు వర్చువల్ మెషిన్లు నడిపి సర్వర్ల పని నేర్చుకునే ఇంజినీరింగ్ కుర్రాళ్లకు ఆ 14 కోర్లు, 64 జీబీ ర్యామ్ నిజంగానే వరం. జియాన్లలోనే ఈ3-1230 వీ2 లాంటివి మరో రకం. అవి గ్రాఫిక్స్ లేని ఐ7లే, 69 వాట్లే. మూడో జనరేషన్ మదర్‌బోర్డు ఇంట్లో ఉన్నవాళ్లు ఐ7-3770 కోసం వెతికే బదులు దీన్ని చూడొచ్చు. బయోస్ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోవాలి.

బేరం కుదిరాక డబ్బిచ్చే ముందు మూత తీయించి ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వెళ్లే వైరు చూడాలి. మామూలు బోర్డులకు 24 పిన్నులుంటాయి. డెల్ 9020 లాంటి వాటిలో ఎనిమిదే. అది ఏ మే నెల ఓల్టేజీ దెబ్బకో కాలిపోతే, లోకల్ షాపులో ఉన్న ఎస్‌ఎంపీఎస్ తగిలించడం కుదరదు. మార్పిడి కేబులైనా తేవాలి, లేదా అదే డెల్ సరుకు కోసం మళ్లీ మద్రాసుకు ఫోన్ చేసి, కొరియర్ వచ్చేదాకా షాపు మూసుకోవాలి. ఆ కేబుల్ ధర కొన్ని వందలే, పెట్టెతో పాటే ఒకటి అడిగి తీసుకోవచ్చు.