432 కుట్ల కోడిపిల్ల

కాస్త ఖాళీ దొరికితే చాలు.. చేయి ఫోన్‌ మీదికి పోతుంది. పది నిమిషాలు అనుకున్నది గంట దాటిపోతుంది. కళ్లు మండుతాయి, మెడ పట్టేస్తుంది, మనసు మాత్రం తేలికపడదు. అదే చేతికి ఓ కొక్కెం సూది, ఓ ఊలు ఉండ ఇచ్చి చూడండి. గుండ్రంగా 17 వరసలు, మొత్తం 432 కుట్లు.. రోజుకో అరగంట కేటాయిస్తే వారం తిరిగేసరికి చిన్న బత్తాయంత పసుపుపచ్చ కోడిపిల్ల తయారవుతుంది. అల్లేవారికి ఊరట, ఇంట్లో చిన్నారికి ఆట వస్తువు. అయితే అల్లే చేతికి నొప్పి రాకుండా, ఆడుకునే పాపకు ముప్పు లేకుండా ఉండాలంటే కొన్ని సంగతులు ముందే తెలిసుండాలి.

మనకు తెలిసిన విద్యే

క్రోషే అనగానే ఇదేదో కొత్త ఫ్యాషన్‌ అనుకోనక్కర్లేదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో మహిళలు తరతరాలుగా చేస్తున్న లేసు అల్లిక ఇదే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన ఈ పనితనానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన ఇళ్లలో టీవీ మీద, టీపాయ్‌ మీద కనిపించే తెల్లటి లేసు గుడ్డలు చాలావరకు ఈ కోవలోవే.

ఇదే అల్లికతో బొమ్మలు చేయడాన్ని జపాన్‌ వాళ్లు ‘అమిగురుమి’ అంటారు. రెండింటికీ సూది ఒకటే, తీరు వేరు. లేసుకు అందం కన్నాల్లో ఉంటుంది. బొమ్మకు కన్నాలే ఉండకూడదు. లోపలి దూది బయటికి రాకుండా బిగువుగా, దగ్గర దగ్గరగా అల్లాలి. సన్నని నూలుతో పూలూ లతలూ అల్లడం కంటే, లావుపాటి ఊలుతో ఒకే రకం కుట్టు వేసుకుంటూ పోవడం తేలిక. అందుకే మొదటిసారి సూది పట్టేవారికి బొమ్మ మంచి ఆరంభం.

మనసుకు ఎందుకు హాయి?

ఆస్ట్రేలియాలోని వొలన్‌గాంగ్‌ యూనివర్సిటీ పరిశోధకులు క్రోషే అల్లేవారి మీద ఓ సర్వే చేసి, 2020లో ఫలితాలు ప్రచురించారు. అందులో 87 దేశాల నుంచి 8,391 మంది పాల్గొన్నారు. అల్లుతుంటే మనసు నెమ్మదిస్తోందని 89.5 శాతం మంది, సంతోషంగా ఉంటోందని 82 శాతం మంది చెప్పారు. వీళ్లంతా అప్పటికే ఇష్టంగా అల్లుతున్నవాళ్లు, చెప్పిందీ తమ అనుభవమే. కాబట్టి అందరికీ ఇదే ఫలితం వస్తుందని హామీ ఇవ్వలేం. కానీ ఈ పని స్వభావం చూస్తే, వాళ్లు చెప్పింది నమ్మశక్యంగానే ఉంటుంది.

అల్లేటప్పుడు చేతుల కదలిక ఒకే లయలో సాగుతుంది. కుట్లు లెక్కపెట్టుకోవాలి కాబట్టి మనసు పక్కకు పోవడానికి అంతగా వీలుండదు. అలాగని పరీక్ష రాస్తున్నంత కష్టమూ కాదు. రెండు చేతులకూ పని ఉంటుంది కనుక ఫోన్‌ దానంతటదే పక్కన ఉండిపోతుంది. ఇంకో మేలు.. తప్పు పోయినా నష్టం లేదు. దారం లాగితే కుట్లు ఊడొస్తాయి, మళ్లీ వేసుకోవచ్చు. ప్రతిదీ ఒక్కసారికే సరిగ్గా రావాలని ఆరాటపడే వారికి ఇది మంచి అలవాటే.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడిన సైనికులు కోలుకోవడానికి బుట్టల అల్లిక, నేత వంటి చేతిపనులు చేయించేవారు. ఆక్యుపేషనల్‌ థెరపీ ఎదుగుదలలో వాటికీ పాత్ర ఉంది. అయితే ఒక్క మాట. రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వంటివి వేధిస్తుంటే ఊలు ఉండతో సరిపెట్టుకోవద్దు. డాక్టరును కలవాల్సిందే. అల్లిక చికిత్సకు తోడు కాగలదు గానీ చికిత్స కాలేదు.

ఏమేం కావాలి?

* లేత పసుపు రంగు ఊలు ఉండ ఒకటి. నూలుదైనా, అక్రిలిక్‌దైనా ఫర్వాలేదు. ముదురు రంగుల్లో కుట్లు కనబడక కళ్లకు శ్రమ. బొచ్చు లేచే రకమైతే కుట్లు అసలే కనబడవు.
* కొక్కెం సూది. ఊలు చుట్టిన కాగితం మీద ఏ సైజు సూది వాడాలో రాసి ఉంటుంది. బొమ్మలకు దానికన్నా కాస్త చిన్నది తీసుకోవాలి. 4 మిల్లీమీటర్లని ఉంటే 3 లేదా 3.5 సరిపోతుంది. పిడికి మెత్తటి రబ్బరు తొడుగు ఉంటే వేళ్లకు సుఖం.
* దిండ్లలో నింపే పాలిస్టర్‌ ఫైబర్‌ దూది. బూరుగు దూది, చింపిన పాత గుడ్డలు వద్దు. తడిస్తే గడ్డ కడతాయి, తొందరగా ఆరవు.
* మొద్దు మొన ఉన్న పెద్ద సూది, కత్తెర, ఒక పిన్నీసు. కళ్లకు కాస్త నల్ల దారం, ముక్కుకు నారింజ రంగు దారం.

మూడు పనులు నేర్చుకుంటే చాలు

అల్లిక అంచును పైనుంచి చూస్తే ఆంగ్ల అక్షరం ‘వి’లు వరసగా పేర్చినట్టు ఉంటుంది. ఒక్కో ‘వి’ ఒక్కో కుట్టు.

సాదా కుట్టు: ‘వి’లోని రెండు పోగుల కింద నుంచి సూది గుచ్చండి. దారాన్ని కొక్కేనికి తగిలించి ఇవతలికి లాగండి. సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ దారం తగిలించి రెండింటిలోంచీ ఒకేసారి లాగేయండి. ఒక కుట్టు పూర్తయినట్టే.

పెంచడం: ఒకే ‘వి’లో రెండు సాదా కుట్లు వేయడం.

తగ్గించడం: ఒక ‘వి’లో సూది గుచ్చి దారం లాగండి. దాన్ని ముగించకుండానే పక్క ‘వి’లోంచి కూడా దారం లాగండి. సూది మీద మూడు ఉచ్చులవుతాయి. దారం తగిలించి మూడింటిలోంచీ ఒకేసారి లాగితే రెండు కుట్లు ఒకటవుతాయి.

వరస వరసకీ లెక్క

దారం కొసకు జారుముడి వేసి రెండు గొలుసు కుట్లు అల్లండి. సూదికి దూరంగా ఉన్న మొదటి గొలుసు కుట్టులోనే ఆరు సాదా కుట్లు వేయండి. అదే మొదటి వరస. ఇక ఆపకుండా, చుట్టూ తిరుగుతూ అల్లుకుంటూ పోవడమే.

* 2వ వరస: ప్రతి కుట్టులోనూ పెంచాలి. మొత్తం 12.
* 3వ వరస: ఒకటి సాదా, తర్వాతది పెంచడం. ఇలా ఆరుసార్లు. మొత్తం 18.
* 4వ వరస: రెండు సాదా, ఒకటి పెంచడం. మొత్తం 24.
* 5వ వరస: మూడు సాదా, ఒకటి పెంచడం. మొత్తం 30.
* 6వ వరస: నాలుగు సాదా, ఒకటి పెంచడం. మొత్తం 36.
* 7 నుంచి 12 వరకు: పెంచడం, తగ్గించడం లేదు. వరసకు 36 సాదా కుట్లే. ఇక్కడికి చిన్న గిన్నెలా తయారవుతుంది.
* 13వ వరస: నాలుగు సాదా, ఒకటి తగ్గించడం. మొత్తం 30.
* 14వ వరస: మూడు సాదా, ఒకటి తగ్గించడం. మొత్తం 24.
* 15వ వరస: రెండు సాదా, ఒకటి తగ్గించడం. మొత్తం 18.

ఇక్కడ ఆగి నల్ల దారంతో కళ్లు, నారింజ దారంతో ముక్కు కుట్టేయండి. ముడులు లోపలివైపే ఉండాలి. తర్వాత దూదిని చిన్న చిన్న పింజలుగా నింపండి.

* 16వ వరస: ఒకటి సాదా, ఒకటి తగ్గించడం. మొత్తం 12. ఇంకాస్త దూది కూరండి.
* 17వ వరస: అన్నీ తగ్గించడమే. మిగిలేది 6.

దారాన్ని జానెడు వదిలి కత్తిరించండి. పెద్ద సూదికి ఎక్కించి మిగిలిన ఆరు కుట్లలోంచి పోనిచ్చి బిగించండి. కొసను బొమ్మలోపల రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పి ముడివేసి దాచేయండి. రెక్కలు కావాలంటే మొదటి రెండు వరసలంత చిన్న బిళ్లలు రెండు అల్లి, సగానికి మడిచి పక్కల కుట్టాలి.

వదిలేసేది ఇక్కడే..

సూది పట్టిన చాలామంది మొదటి రెండు మూడు వరసల్లోనే విసిగిపోతారు. ఆ కాస్త భాగం వేళ్లకు దొరకదు, వంకరగా వస్తుంది. నాలుగో వరస దాటాక పట్టు చిక్కుతుంది. అందాకా ఓపిక పట్టండి.

గుండ్రంగా అల్లేటప్పుడు వరస ఎక్కడ మొదలైందో తెలియదు. ప్రతి వరసలో మొదటి కుట్టుకు పిన్నీసు తగిలించి, తిరిగి అక్కడికి రాగానే లెక్క చూసుకోండి. ఒక కుట్టు తేడా వస్తే ఆ వరస వరకు విప్పుకొంటే సరిపోతుంది. సూది లోపలికి దూరడమే కష్టంగా ఉంటే దారం మరీ బిగలాగుతున్నట్టు. దూది కన్నాల్లోంచి కనబడుతుంటే సూది పెద్దదైనట్టు.

చేతులు, కళ్లు జాగ్రత్త

కొత్త ఉత్సాహంలో గంటల తరబడి అల్లితే వేళ్లు, మణికట్టు మొరాయిస్తాయి. 20 నిమిషాలకోసారి సూది పక్కన పెట్టండి. పిడికిలి మూసి తెరవండి, మణికట్టు నెమ్మదిగా తిప్పండి, లేచి నాలుగడుగులు వేయండి. సూదిని పెన్నులా పట్టుకున్నా, కూరగాయల చాకులా పట్టుకున్నా తప్పు లేదు. నొప్పి లేనిదే మీకు సరైన పట్టు. మోచేతుల కింద దిండు పెట్టుకుంటే భుజాల మీద బరువు తగ్గుతుంది. వెలుతురు బాగుండాలి. నలభై దాటినవారు దగ్గరి చూపు అద్దాలు పెట్టుకునే అల్లాలి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి మెలకువ వస్తుంటే మణికట్టులో నరం నొక్కుకుపోతుండొచ్చు. వేలు మడిస్తే తిరిగి చాపలేకపోవడం, టిక్కుమని ఊడినట్టు తెరుచుకోవడం మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ. పసిబిడ్డను తరచూ ఎత్తుకునే తల్లుల్లో బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి రావడం మామూలే. అల్లికతో అది పెరగొచ్చు. ఇలాంటివి ఉంటే పని ఆపి ఎముకల డాక్టరుకు చూపించుకోండి.

పాపాయి చేతికిచ్చే ముందు

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బజార్లో అమ్మే బొమ్మలకు బీఐఎస్‌ ప్రమాణాలు తప్పనిసరి. ఇంట్లో అల్లిన బొమ్మను పరీక్షించే వాళ్లెవరూ ఉండరు. ఆ బాధ్యత మనదే.

* మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు పూసలు, గుండీలు, ప్లాస్టిక్‌ కళ్లు పెట్టొద్దు. ‘సేఫ్టీ ఐస్‌’ అని అమ్మేవీ వద్దు. ఊడితే నేరుగా నోట్లోకే వెళ్తాయి. దారంతో కుట్టిన కళ్లే మేలు. రెక్కలు కూడా మానేస్తే ఇంకా మంచిది.
* బొమ్మను మరీ చిన్నదిగా చేయొద్దు. మధ్యలో 36 కుట్లు ఉండేలా లెక్క ఇచ్చింది అందుకే. నిమ్మకాయంత ఉండ పసివాళ్ల గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.
* ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు పక్కన ఏ మెత్తటి బొమ్మా ఉంచొద్దు. ముక్కుకు అడ్డుపడి ఊపిరాడకపోవచ్చు. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్ల కళ్లెదుటే ఇవ్వండి.
* పొడవాటి దారం కట్టి ఉయ్యాలకు వేలాడదీయొద్దు. మెడకు చుట్టుకోవచ్చు.
* ఇచ్చేముందు ప్రతి అతుకునూ గట్టిగా లాగి చూడండి. తర్వాత కూడా వారానికోసారి చూస్తుండాలి. కుట్టు ఊడి దూది కనబడితే వెంటనే తీసేయండి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం ఆక్టోపస్‌ బొమ్మలు అల్లి ఆసుపత్రులకు ఇచ్చే అలవాటు 2013లో డెన్మార్క్‌లో మొదలైంది. దాని కాళ్లు పట్టుకుంటే బిడ్డకు బొడ్డుతాడు పట్టుకున్నట్టు ఉంటుందన్నది ఆలోచన. వినడానికి బాగున్నా, అది రుజువైన వైద్యం కాదు. అలాంటి బిడ్డకు ఏ బొమ్మ ఇవ్వాలన్నా డాక్టరును, నర్సును అడిగాకే.

ఉబ్బసం ఉన్న ఇంట్లో..

మెత్తటి బొమ్మల్లో దుమ్ము పురుగులు చేరతాయి. తుమ్ములు, పిల్లికూతలు ఉన్న పిల్లలకు ఇవి పడవు. అలాంటి ఇంట్లో ఉతకడానికి వీలైన నూలు దారమే వాడండి. 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే ఈ పురుగులు చస్తాయి. అక్రిలిక్‌ ఊలు ఆ వేడికి పాడవ్వొచ్చు, కాబట్టి ముందు కాగితం మీద రాసింది చదవండి. ఉతికాక నీళ్లు పిండేసి, లోపలి దూది పూర్తిగా ఆరేదాకా ఎండలో ఉంచాలి. పైపైన ఆరిందని తీసేస్తే లోపల బూజు పడుతుంది.

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలు పక్కన చేరితే వాళ్లకూ ఓ సూది ఇవ్వండి. లెక్క వాళ్లు పెడితే కుట్లు మీరు వేయండి, లేదా మార్చుకోండి. అమ్మమ్మకో నాయనమ్మకో లేసు అల్లిక వచ్చుంటే పాఠం ఇంట్లోనే ఉన్నట్టు. మొదటి కోడిపిల్లకు మెడ కాస్త వంకర పోవచ్చు, ఒక కన్ను పైకీ ఒకటి కిందికీ ఉండొచ్చు. అతుకులు గట్టిగా ఉంటే చాలు, పిల్లలకు అదేం పట్టదు.