ప్లాస్టిక్ పచ్చిక కింద కంకర

గోల్ఫ్ ఆడాలంటే గడ్డి ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. నీళ్లకు కరువున్న చోట్ల మన దేశంలోనే ఇసుకలో నూనె కలిపి, రోలర్ తిప్పి, దాని మీదే బంతిని రంధ్రంలోకి దొర్లించేవాళ్లు. అమెరికాలో పేరుమోసిన పైన్‌హర్స్ట్ మైదానంలోనూ రంధ్రం చుట్టూ ఉండే గ్రీన్‌లు 1930ల మధ్య దాకా ఇసుకవే. బంతికి కావలసింది ఎగుడుదిగుడు లేని నేల, అంతటా ఒకే రకం ఒరిపిడి, నీరు నిలవకపోవడం. పెరట్లో ప్లాస్టిక్ గ్రీన్ వేయించాలనుకునే వాళ్లు రంగు సంగతి పక్కనపెట్టి ముందు ఈ మూడూ చూసుకోవాలి.

ఆ ప్లాస్టిక్ గడ్డి గోల్ఫ్ కోసం పుట్టింది కాదు. పట్నం పిల్లలకు ఆడుకునే చోటు లేదన్న బెంగతో అమెరికాలో ఫోర్డ్ ఫౌండేషన్ చేయించిన ఆలోచనల నుంచి వచ్చింది. మోన్‌శాంటో అనుబంధ సంస్థ కెమ్‌స్ట్రాండ్ నైలాన్ పోగులతో దాన్ని తయారుచేసి, 1964లో రోడ్ ఐలండ్‌లోని మోజెస్ బ్రౌన్ బడిలో పరిచింది. అప్పటి పేరు కెమ్‌గ్రాస్.

పేరు మారింది హ్యూస్టన్‌లో. 1965లో తెరిచిన ఆస్ట్రోడోమ్ స్టేడియానికి పారదర్శకమైన పైకప్పు వేసి, లోపల గరిక జాతి గడ్డి పెంచారు. పైనుంచి పడే మెరుపుకు బేస్‌బాల్ ఆటగాళ్లకు బంతి కనపడలేదు. కప్పుకు రంగు పూశారు. ఎండ అందక గడ్డి చచ్చింది. చచ్చిన గడ్డికి పచ్చరంగు కొట్టి ఆ ఏడాది ఎలాగో గట్టెక్కించారు! 1966లో నైలాన్ గడ్డి తెచ్చి, ముక్కలకు జిప్పులు పెట్టి కలిపారు. అదే ఆస్ట్రోటర్ఫ్ అయింది.

మనవాళ్లకు ఈ గడ్డి దెబ్బ హాకీలో తగిలింది. 1975లో ప్రపంచకప్ గెలిచిన జట్టు, టర్ఫ్ మీద ఆడిన 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానానికి పడిపోయింది. నేల మారితే ఆటే మారిపోతుంది.

గోల్ఫ్‌లో నేల వేగాన్ని కొలవడానికి ఒక సాధనం కూడా ఉంది. 1935లో ఎడ్వర్డ్ స్టింప్‌సన్ అనే గోల్ఫ్ ఆటగాడు గాడి ఉన్న చెక్కపట్టీ ఒకటి చేశాడు. ఇప్పటిది 36 అంగుళాల అల్యూమినియం పట్టీ. గాడి పైభాగంలోని గుంటలో బంతి పెట్టి మెల్లగా ఎత్తితే, దాదాపు 20 డిగ్రీల వాలు రాగానే బంతి జారుతుంది. నేలమీద ఎన్ని అడుగులు దొర్లితే అది ఆ గ్రీన్ వేగం. ఇంటి గ్రీన్‌కు తొమ్మిదో పదో చాలు.

ఇక బొగ్గు గనుల ఊరు మణుగూరుకు వద్దాం. క్వార్టర్ వెనకో సొంతింటి పెరట్లోనో 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు జాగా ఉందనుకోండి. పైమట్టి తీసి నాలుగంగుళాల మందాన కంకర వేయాలంటే 80 ఘనపుటడుగులు. దిమ్మిస పడ్డాక కుంగుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే, అంటే ఇంచుమించు ఒక ట్రాక్టర్ లోడు. అంతా ఒకేసారి పోసి తొక్కిస్తే పైన గట్టిపడి లోపల గుల్లగానే ఉంటుంది. రెండు దఫాలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. దానిమీద అంగుళం మందాన క్రషర్ డస్ట్ పోసి, బద్ద పెట్టి లాగి, మళ్లీ కొట్టాలి. నేల నల్లరేగడి అయితే కంకర ఇంకా లోతుగా వేయాలి. వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే ఆ మట్టి పైనున్నదాన్నంతా కదిలిస్తుంది. వాటం నూరు అంగుళాలకు ఒకటి రెండు అంగుళాలు, అదీ నీరు ఇంటి గోడకు దూరంగా పోయేలా. రంధ్రం చుట్టూ వాలు మరీ ఎక్కువైతే బంతి ఆగదు.

రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లు. డ్రైనేజీకి వాడే 110 ఎంఎం పైపు ముక్క సరిపోతుందనిపిస్తుంది గానీ, 110 దాని బయటి కొలత. అడుగున నీరు దిగే దారి ఉన్న అసలు కప్పే కొనండి.

టర్ఫ్ పరిచాక పైన ఎండిన సన్న ఇసుక చల్లి చీపురుతో పోగుల మధ్యకు దించుతారు. ఈ పనిని తేలిగ్గా తీసేయకూడదు. ఇసుక లేకపోతే పోగులు ఒకవైపుకు వాలి, బంతిని అటే లాగుతాయి. ఇసుక నిండి రోలర్ తిరిగిన కొద్దీ వేగం పెరుగుతుంది.

మణుగూరులో ఈ గడ్డికి శత్రువులు రెండు. మొదటిది ఎండ. అసలు గడ్డి నీటిని ఆవిరి చేసుకుంటూ చల్లబడుతుంది, ప్లాస్టిక్‌కు ఆ విద్య లేదు. నడివేసవిలో దాని ఒళ్లు 65 డిగ్రీలు దాటుతుంది. మేలో గాలే 45 దాటే ఊళ్లో పగలు చెప్పుల్లేకుండా దానిపై అడుగు పెట్టలేం. రెండోది ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము. సన్నని పొడి ఇసుకలో చేరి గట్టి పొరై, నీటిదారి మూసేస్తుంది. నెలకోసారైనా గట్టి చీపురుతో రేపి, ఊడ్చి, నీళ్లు కొట్టాలి. రబ్బరు గుళికల టర్ఫ్ అంటగడితే వద్దనండి. బంతి దొర్లడానికి ఇసుకే కావాలి, పైగా ఆటస్థలాలకు ఆ గుళికలను 2031 నుంచి అమ్మకుండా యూరోపియన్ యూనియన్ 2023లోనే చట్టం చేసింది.

దుకాణదారు పచ్చ చాపల నమూనాలు చూపించి ధర చెబుతాడు. కంకర మాట అడిగితే తప్ప ఎత్తడు. చాపకు బయానా ఇచ్చే ముందు పెరట్లో మూరెడు గుంత తవ్వి, నిండా నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ నీళ్లు అలాగే ఉంటే, మీ డబ్బు ముందు డ్రైన్ పైపుకు పోవాలి.