ఇంటి పద్దు – అప్పు తీరు మార్గము

ఇంటి లెక్కలకు సంబంధించిన మన మాటలను ఒక్కమారు పరిశీలింపుడు. 'అప్పు' అచ్చ తెలుగు. 'ఋణము' సంస్కృతము. 'వడ్డీ' అనునది 'వృద్ధి' అను సంస్కృత పదము ప్రాకృతము మీదుగా మారి వచ్చిన రూపము. జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తు, రసీదు – ఇవి అరబీ ఫారసీల నుండి వచ్చి తెలుగింట స్థిరపడినవి. ఉర్దూ తెలుగులను ఒకే కప్పు క్రింద చదువుకొను మన విద్యార్థులకు ఇది ముచ్చట గొలుపు విషయమే. కాని ఇన్ని భాషలు కలిసి ఇన్ని మాటలు సమకూర్చినను, మన యిండ్లలో అప్పును గూర్చి నోరు విప్పి మాటాడువారు అరుదు. పెండ్లి ఎంత ఘనముగ జరిగెనో చెప్పుకొందుము. అందుకు ఎంత బాకీపడితిమో చెప్పుకొనము. వడ్డీతో పాటు ఈ మౌనము కూడ అప్పును పెంచునని మా అనుభవము.

మేము అర్థశాస్త్రము చదివినవారము కాము, తెలుగు బోధించువారము. అయినను గడచిన రెండేండ్లలో మా యింట నేర్చిన పాఠము నలుగురికి ఉపకరింపవచ్చునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా చెల్లెలి నికాహ్ జరిగిన ఆరు నెలలకు మా తండ్రిగారికి శస్త్రచికిత్స చేయింపవలసి వచ్చినది. ఆయన కోలుకొనిరి. అప్పులు మాత్రము నాలుగు నిలిచినవి. వడ్డీ వ్యాపారికి ప్రామిసరీ నోటు మీద 60,000 రూపాయలు; క్రెడిట్ కార్డు మీద 40,000; మా శ్రీమతి మెహర్ గాజులు బ్యాంకులో కుదువ పెట్టి తెచ్చినవి 1,00,000; మా చిన్నాన్నగారి వద్ద వడ్డీలేని చేబదులు 50,000. వెరసి రెండున్నర లక్షలు. నాటి మా జీతము నెలకు 32,000. ఈ మొత్తము ఎంతయో చాల కాలము మేము కూడి చూచుకొననే లేదు. కూడిన భయము కలుగునని కూడలేదు.

వడ్డీ లెక్కలోని మర్మము

మొదట తెలిసికొనవలసినది వడ్డీ భాష. వ్యాపారి 'నూటికి మూడు' అనును. బ్యాంకువారు 'నూటికి పది' అందురు. వినుటకు మూడు చిన్నది, పది పెద్దది. కాని వ్యాపారి మూడు నెలకు. బ్యాంకు పది సంవత్సరమునకు. మూడును పండ్రెండుతో హెచ్చించిన 36 అగును. కార్డు సంస్థ నెలకు మూడున్నర చొప్పున వేయుచుండెను. అది ఏడాదికి 42. ఆ వడ్డీపై నూటికి 18 చొప్పున పడు పన్నును కలిపిన 49 దాటును. అన్ని వడ్డీలను సంవత్సరపు లెక్కలోనికి మార్చి ఒకే కాగితముపై వ్రాసిననాడు గాని, మాకు గౌరవముగ తోచిన కార్డు నాలుగింటిలో మిక్కిలి ప్రియమైన అప్పని తెలియలేదు.

కార్డువారు నెలకు 'కనీస చెల్లింపు' 2,000 అడుగుదురు. అది చెల్లించిన చాలునని మేము నిశ్చింతగ ఉంటిమి. లెక్క చూడగా, 40,000 పై నెల వడ్డీ 1,400. దానిపై పన్ను 252. అనగా మేము కట్టిన రెండు వేలలో 1,652 రూపాయలు అటే పోయి, అసలులో తగ్గినది 348 మాత్రమే. పైగా పాత బాకీ ఉన్నంత కాలము క్రొత్తగ కొన్న వస్తువునకు వడ్డీలేని గడువు దినములు వర్తింపవు. కొన్ననాటి నుండియే వడ్డీ మొదలగును.

దినవసూలు అప్పు సంగతి ఇంకను చిత్రము. పదివేల అప్పని చెప్పి, వేయి ముందే పట్టుకొని, 9,000 చేతికిత్తురు. దినమునకు 100 చొప్పున నూరు దినములు కట్టవలెను. 'పదివేలకు వేయియే గదా, నూటికి పది' అని తోపుడుబండివారు సమాధానపడుదురు. కాని ఆ సొమ్ము నూరు దినములును వారి చేతిలో ఉండదు. మొదటి దినము నుండియే తరుగుచుండును. సగటున సగము సొమ్మే వారు వాడుకొందురు. అదియు మూడు నెలల పైచిలుకు కాలము మాత్రమే. సంవత్సరమునకు లెక్కించిన ఆ వడ్డీ నూటికి 75 దాటును.

మా నాలుగు అప్పులపై వడ్డీ, పన్ను కలిసి నెలకు 4,285 రూపాయలైనవి. ఏడాదికి యాబది వేలు దాటినది. ఆ సంఖ్యను చూచిన రాత్రి మేము నిద్రపోలేదు. కాని దారి కనబడినది కూడ ఆ రాత్రియే.

పద్దు పుస్తకము

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటె దీర్ఘమైన వచనము అల్ బఖరా సూరాలోని 282వది. గడువు గల అప్పును సాక్షుల ఎదుట వ్రాసికొనవలెనన్న విషయమే అందు ప్రధానము. చిన్ననాటి నుండి ఎన్నిమార్లో విన్న ఆ సంగతిని మేము ఇంటిలో ఆచరించినది ముప్పది యేండ్లు దాటిన పిదప.

నూరు పుటల నోటు పుస్తకమొకటి వంటింటి అలమరపై ఉంచితిమి. ఒక నెల దినములు ఏ ఖర్చును తగ్గింపక, వ్రాయుట మాత్రమే చేసితిమి. నెలాఖరున చదువగా, పెద్ద ఖర్చులు మాకు ముందే తెలిసినవి, తెలియనివన్నియు చిన్నవే. కళాశాల వద్ద తేనీరు, సమోసాలకు మేము పెట్టునది నెలకు వేయి దాటెను. ఇంటిలో మూడు ఫోనులకు మూడు పెద్ద రీచార్జీలు. వాటిలో రెండింటి ఉపయోగము సగమైనను లేదు. వీధి చివరి అంగడిలో ఖాతా ఉండుటచే ధర అడుగుట మానివేసితిమి. అరువు తెచ్చుకొనువాడు తూకమును, ధరను ప్రశ్నింపలేడు గదా! పిల్లలు ఖాతా పేరు చెప్పి తెచ్చుకొను బిస్కట్లు వేరు.

విద్యుత్తు సంగతి కొంచెము వివరింతుము. వాడకము హెచ్చిన కొలది యూనిటు ధర కూడ హెచ్చును. కావున చివర వాడిన యూనిట్లే ప్రియమైనవి, వాటిని తగ్గించుటయే లాభము. రెండువేల వాట్ల గీజరు అరగంట పనిచేసిన ఒక యూనిటు. ఇంటిల్లిపాది నాలుగు వేళల స్నానము చేయుట మాని, వరుసగ చేసిన ఒకమారు కాచిన వేడి వృథా పోదు. 75 వాట్ల పాత పంకా దినమునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల క్రొత్తరకము పంకాకు 11 యూనిట్లు చాలును. కాని క్రొత్త పంకా అప్పుపై కొనరాదు. మేము కార్డు బాకీ తీరిన తరువాతనే ఒకటి కొంటిమి.

రెండవ నెల నుండి తగ్గింపు మొదలిడితిమి. సరుకులు నెలకొకమారు రొక్కమిచ్చి కొనుటచే 900 మిగిలినవి. సహాధ్యాపకునితో కలిసి ఒకే వాహనముపై కళాశాలకు వచ్చుటచే పెట్రోలులో 700. తేనీటిలో 750. ఫోనులలో 400. విద్యుత్తులో 350. ఇవి 3,100.

ఇక్కడ మా తప్పొకటి చెప్పుకొనవలెను. ఆ నెలలో మందుల ఖర్చు మేము అడుగకయే సగమైనది. సంతోషించితిమి. వారము తరువాత మా అమ్మగారికి తల తిరిగి కూర్చుండిపోయిరి. మందుల పెట్టె తీసి బిళ్ళలు లెక్కింపగా, రక్తపుపోటు మాత్రను ఆమె దినము విడిచి దినము వేసికొనుచున్నట్లు తెలిసినది. 'పద్దులో నా పేర ఉన్న ఖర్చు అదియొక్కటే గద నాయనా' అనిరి. మా తలవంపు చెప్పనలవి కాదు. పొదుపు అనగనే దాని భారము ఇంటిలో నోరెత్తనివారి మీదికే జారును. తల్లి తన మాత్రను, ఇల్లాలు తన పాలను, ఆడపిల్ల తన పుస్తకమును చెప్పకయే వదలుకొందురు.

నాటినుండి రెండు నియమములు పెట్టుకొంటిమి. మొదటిది: పద్దును నెలకొకమారు ఇంటిలో అందరి ఎదుట బిగ్గరగ చదువవలెను. రెండవది: మందులు, పిల్లల పాలు గ్రుడ్లు, బడి రుసుము – వీటిని తగ్గింపరాదు. వైద్యుని అడిగి, అదే మందును జన ఔషధి దుకాణములో కొనుట మొదలిడితిమి. మాత్ర ఒక్కటియు మానకుండ నెలకు 500 తగ్గినది. మొత్తము మిగులు 3,600 అయినది.

తీర్చు క్రమము

లెక్క ప్రకారము మిగిలినదంతయు వడ్డీ ఎక్కువగల అప్పునకే చెల్లింపవలెను. తక్కిన వాటికి తప్పనిసరి మొత్తము మాత్రమే. అన్నిటికి కొంచెము కొంచెము పంచిన ఏదియు తీరదు. ఈ సూత్రము నిజమే. కాని సూత్రమునకు అందని అప్పొకటి ఉన్నది – చిన్నాన్నగారిది. వడ్డీ లేదు గనుక అది చివరిదని లెక్క చెప్పుచుండెను. అయితే ఏడాదిగ మేము ఆయనకు ఎదురుపడలేక, జుమా నమాజునకు వేరొక మసీదునకు పోవుచుంటిమి. వడ్డీ వ్యాపారి ఎదుట లేని సిగ్గు, మేలు చేసినవాని ఎదుట కలిగినది!

ఒక సాయంకాలము పద్దు పుస్తకమును చంకనిడుకొని ఆయన యింటికి పోయితిమి. నాలుగు అప్పులను చదివి వినిపించి, నెలకు వేయి చొప్పున ఇయ్యగలమని చెప్పితిమి. ఆయన చాలసేపు పుస్తకమునే చూచిరి. 'సొమ్ముకై నేను ఎదురుచూడలేదు. నీవు రాలేదని బాధపడితిని' అనిరి. ఆ వేయి రూపాయలు లెక్కకు నష్టమే. కాని ఆ నష్టము పెట్టి కొన్నది అంతకంటె విలువైనది.

తక్కిన 2,600ను కార్డునకు కట్టుచున్న 2,000తో కలిపితిమి. కార్డుతో క్రొత్తగ ఏమియు కొనలేదు. పదునొకండవ నెలలో ఆ బాకీ తీరినది. అంతట ఆ 4,600ను, వ్యాపారికి వడ్డీగ ఇచ్చుచున్న 1,800తో చేర్చి, నెలకు 6,400 చొప్పున నోటు అసలు తగ్గించుటకు పూనుకొంటిమి. ఒక అప్పు తీరగనే దానికిచ్చు సొమ్ము చేతికి చిక్కినదని ఖర్చు పెట్టుకొనరాదు. దానిని తరువాతి అప్పుపైకి మరల్చవలెను. కిటుకు అంతయు ఇందే కలదు. రంజాను నెలలో మిగులు తగ్గినది. జీతపు బకాయి వచ్చి ఆ లోటు పూడ్చినది. చెల్లించిన ప్రతిమారు నోటు వెనుక చెల్లు వ్రాయించుకొంటిమి. పండ్రెండవ నెలలో నోటును చేతికి పుచ్చుకొని చింపివేసితిమి. ఖాళీ నోటుపై గాని, ఖాళీ చెక్కుపై గాని సంతకము చేయుట కంఠమునకు ఉరి తగిలించుకొనుటయే.

ఇది వ్రాయు నాటికి ఇరువది మూడు నెలలు గడచినవి. చిన్నాన్నగారికి 27,000 మిగిలి ఉన్నవి. నాలుగు నెలలలో తీరును. ఆపై గాజులు. షరియత్ ప్రకారము మెహర్ పూర్తిగ భార్య సొత్తు. ఏటేటా వడ్డీ కట్టి తిరుగ వ్రాయించుచున్న ఆ కుదువను విడిపించు వరకు, బ్యాంకునకే గాక మా శ్రీమతికి కూడ మేము ఋణపడియే ఉన్నాము. పద్దులో ఆ పంక్తిని ఆమె పేరనే వ్రాసినాము.

విద్యార్థులకు, పెద్దలకు

విద్యార్థులారా! నేడు మీ అప్పు మీ జేబులోని ఫోనులోనే ఉన్నది. రెండు నిమిషములలో సొమ్మిచ్చు యాపులు, స్నేహితుల ఫోను సంఖ్యలను ముందే దోచి, గడువు దాటగనే వారందరికి అవమానకరమైన సందేశములు పంపినవి. 2020వ సంవత్సరము చివర తెలంగాణములో ఆ వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. 2022లో రిజర్వు బ్యాంకు నియమములు చేసినది: సొమ్ము నేరుగ అప్పుగొన్నవాని బ్యాంకు ఖాతాలోనికే రావలెను, సంవత్సరపు వడ్డీ మొత్తము ముందే తెలుపవలెను, ఫోనులోని పరిచయస్థుల జాబితాను ముట్టరాదు. ఈ మూడింటిలో ఏది లోపించినను ఆ అప్పు జోలికి పోకుడు. ఇప్పటికే చిక్కుకొన్నవారుందురేని, మొదట ఇంటిలో ఒకరికి చెప్పుడు. తండ్రి కోపము ఒక పూటది. మౌనము ఖరీదు ప్రాణము.

కళాశాల సంఘమువారికి సవినయముగ ఒక మనవి. పరీక్ష రుసుము గడువు దినములలో కొందరు విద్యార్థులు అప్పునకై పరుగులిడుట మేము ఏటేటా చూచుచున్నాము. అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు తలా కొంత వేసిన ఒక చిన్న వడ్డీలేని నిధి ఏర్పడును. దానికొక పద్దు పుస్తకము, కిస్తులు, రసీదులు ఉండవలెను. మొదటి వేయి రూపాయలు మావి. మా యింటి పద్దులో ఆ ఖర్చునకు ఈ నెలనే ఒక పంక్తి విడిచి ఉంచినాము.